మాదరి భాగ్యరెడ్డివర్మగారి జీవితము, విద్యాసేవ

లోకోపకారులైన మహనీయుల చరిత్రములను చదువుటవలన పిల్లలకు మంచి నడవడియు, పెద్దలకు తమ కర్తవ్యమును గూర్చిన యెరుకయు కలుగును. రాజుల జయములును, వీరుల సాహసములును పాఠ్యపుస్తకములలో విరివిగానే యున్నవి. చేతిలో ధనము లేక, వెనుక అధికారబలము లేక, పేదవాడలలో బడులు పెట్టి, ఎవ్వరును పిలువని బిడ్డలను పిలిచి పలక పట్టించిన వారి కథలు మాత్రము అరుదు. అందుచేత ఈ సంచికలో అట్టి వారొకరి చరిత్రమును మా చదువరులకు విన్నవింప దలచితిమి. వారు హైదరాబాదు నగరవాసులైన శ్రీ మాదరి భాగ్యరెడ్డివర్మగారు.

వీరి చరిత్రమునే యెన్నుకొనుటకు రెండు కారణములు గలవు. మొదటిది, వీరు పనిచేసిన తావు మనకు మిక్కిలి చేరువ. ఎల్.బి.నగరునుండి దిల్‌సుఖ్‌నగరు, మలక్‌పేటల మీదుగా పడమరగా పోయి మూసీనది దాటినచో చాదర్‌ఘాటు, దానికి దగ్గరనే ఇసామియా బజారు వచ్చును. మన విద్యార్థులు మెట్రోబండిలో కొలది నిమిషములలో ఆ దారిని దాటిపోవుచుందురు. ఆ తావున నూరేండ్లకు పూర్వమే ఒక గొప్ప విద్యాప్రయత్నము జరిగెనని వారిలో అనేకులకు తెలియదు.

రెండవ కారణము మన పేటలలో ప్రతి యింటను వినవచ్చు ప్రశ్న. దిల్‌సుఖ్ రామ్ ప్రసాదుగారి పొలములు ఇండ్లస్థలములైన పిదప ఆయన పేర దిల్‌సుఖ్‌నగరు వెలసెను. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర ఎల్.బి.నగరు వెలసెను. విజయవాడ బాట, నాగార్జునసాగరు బాట ఇచ్చట కలియుటచేత నల్లగొండ, ఖమ్మము మొదలగు జిల్లాలనుండి బ్రతుకుదెరువునకై వచ్చిన కుటుంబములు ఈ పేటలలో కాపురముండినవి. ఇంజనీరుగారి కుమారుడును, మేస్త్రీ చేతిక్రింద ఇటుకలు మోయు తల్లి బిడ్డయు ఒకే బల్లపై కూర్చుందురు. పాఠశాలలకును, శిక్షణాలయములకును కొదువ లేదు. ఏ బడిలో డిజిటల్ బోర్డులున్నవి, ఏ బడిలో పిల్లలకు ట్యాబులిత్తురు అని తల్లిదండ్రులు విచారించుచుందురు. ఇంతకును పిల్లవాని చదువు తరగతిగదిలోని యంత్రమువలన సాగునా, వాడు పుట్టి పెరిగిన యింటివలన సాగునా? ఈ ప్రశ్నకు వర్మగారి జీవితమున ఆలోచింపదగిన సమాధానము గలదని మా నమ్మకము.

జననము, బాల్యము

వర్మగారు 1888వ సంవత్సరము మే నెల 22వ తేదిన హైదరాబాదున జన్మించిరి. తండ్రి మాదరి వెంకయ్యగారు, తల్లి రంగమాంబగారు. వారు పెట్టిన పేరు భాగయ్య. కుటుంబము మాలకులమునకు చెందినది. ఆ కులమున పుట్టిన బిడ్డకు ఆనాడు ఊరిబావి నీరును, గుడి వాకిలియు, బడి గుమ్మమును దూరమే. బిడ్డ తెలివిగలవాడా, మందబుద్ధియా అని అడుగువారు లేరు. ఏ యింట పుట్టెనని మాత్రమే అడుగుదురు. ఆ సమాధానము వినిన పిమ్మట మరి ప్రశ్న యుండదు.

ఆ కుటుంబమునకు గురువైన వారొకరు భాగయ్య అను పేరును భాగ్యరెడ్డి యని మార్చిరి. రెడ్డి యను మాట ఏలిక యని అర్థమునిచ్చు రేడు శబ్దమునుండి వచ్చినదనియు, నేడు అంటరానివారని త్రోసివేయబడిన జనులే పూర్వము ఈ నేలను ఏలినవారనియు ఆ గురువుగారి తాత్పర్యము. ఈ వ్యుత్పత్తి సరియా కాదా అను చర్చ పండితులది. తాను హీనుడనని విని విని పెరిగిన బాలునకు, నీవు హీనుడవు కావని పెద్దవారొకరు చెప్పుట ఎంతటి బలమో మనము గుర్తింపవలెను. వర్మగారి తరువాతి జీవితమంతయు ఆ యొక్క మాటను వేలకొలది పిల్లలకు చెప్పుటయే యని తోచును.

పడుచుప్రాయమున వీరు నగరమున బారిష్టరుగా నుండిన యొక గృహస్థుని యింట కొంతకాలము పనికి కుదిరి యుండిరి. పుస్తకములును, పత్రికలును, వచ్చిపోవు పెద్దలును గల యింట మెలగువానికి బడి చెప్పని పాఠములనేకము చెవిని పడును. చదువుకొన్నవారి యింట పుట్టిన బిడ్డకు ఈ లాభము అడుగకుండగనే దొరకును. తక్కినవారు దానికై కొలువు చేయవలసివచ్చెను.

ఆనాటి చదువు

నిజాం రాజ్యమున ప్రజలలో ఇంచుమించు సగముమంది తెలుగువారు. మిగిలినవారిలో మరాఠీ, కన్నడము, ఉర్దూ మాటలాడువారు గలరు. కాని 19వ శతాబ్ది కడపటి భాగమునుండి కచేరీల భాష ఉర్దూ. కొలువు కావలెనన్న ఉర్దూ రావలెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉన్నత విద్య సైతము ఉర్దూలోనే బోధింపబడుచుండెను. దేశభాషలో ఉన్నతశాస్త్రములు బోధింపవచ్చునని ఆ విద్యాలయము నిరూపించుట గొప్ప విషయమే. అయినను ఇంట తెలుగుమాటయే వినిన పేదబిడ్డకు ఆ గుమ్మము ఎక్కుటకు ముందు మెట్టు లేకపోయెను.

1911వ సంవత్సరపు జనాభాలెక్కలలో ఆ రాజ్యమున చదువను వ్రాయను వచ్చినవారు నూటికి సుమారు ముగ్గురు. ఆ ముగ్గురిలో దళితవాడలవా రెందరుందురో ఊహింపవచ్చును. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నగరమున వెలసి తెలుగు గ్రంథములకు చోటు కల్పించెను. అయినను తెలుగునకు మన్నన తక్కువయే. 1921లో వివేకవర్ధినీ ప్రాంగణమున జరిగిన యొక సంస్కరణసభలో తెలుగున మాటలాడబోయిన న్యాయవాదిని సభలోని వారు గేలిచేయగా, ఆ అవమానమే ఆంధ్రజనసంఘ స్థాపనకు కారణమయ్యెను. చదువుకొన్న న్యాయవాదికే ఈ గతి పట్టినపుడు, చెప్పులు కుట్టువాని బిడ్డ తెలుగుమాటతో బడికి పోయినచో గతి యేమి?

హరికథలు

1906వ సంవత్సరమున వర్మగారు జగన్మిత్రమండలి యను సంఘమును స్థాపించిరి. అప్పటికి వారి వయస్సు 18 సంవత్సరములు. ఈ ప్రాయమున మన విద్యార్థులు ఇంటర్మీడియటు ముగించి ఏ కళాశాలలో చేరుదుమా యని తలపోయుచుందురు.

ఆ సంఘము చేసిన మొదటిపని హరికథలు చెప్పించుట. అక్షరము రానివానికి కరపత్రమువలన ప్రయోజనము లేదు. గద్దెనెక్కి ఉపన్యసించినను వాడు కూర్చుండి వినడు. హరికథ యన్ననో తాళము, గజ్జె, పాట, పిట్టకథ అన్నియు నుండును. పగలంతయు పనిచేసి అలసినవాడును, చంకన బిడ్డతో నున్న తల్లియు వచ్చి కూర్చుందురు. వినువారికి తెలిసిన కథతో మొదలిడి, వారికి తెలియని విషయమునకు కొనిపోవుట అందలి నేర్పు. వర్మగారు ఆ నేర్పును వాడలలో చైతన్యము కలిగించుటకు వినియోగించిరి.

ఉపకరణమనగా ఇదియే. ఆనాటి వాడలో అందుబాటున నున్న సాధనము అది. వినువాని స్థితి నెరిగి, వాడున్నచోటికి తానే పోయిన సాధనము అది. నేటి మన గదులలోని వెలుగుబల్లలకును ఈ పరీక్షనే పెట్టిన మంచిది. పాఠము పిల్లవాడున్న చోటికి వచ్చుచున్నదా, లేక వాడు రాలేనిచోట నిలిచి వెలుగుచున్నదా?

పాఠశాలలు

1910వ సంవత్సరమున వర్మగారు ఇసామియా బజారున దళిత బాలబాలికలకై పాఠశాలను నెలకొల్పిరి. మరుసటి సంవత్సరము జగన్మిత్రమండలి మాన్యసంఘమను పేరు తాల్చి మరింత విరివిగా పనిచేయసాగెను. ఒకటొకటిగా నగరమున ఇతర వాడలలోను పాఠశాలలు వెలసెను. 1930 దాటిన నాటికి వాని సంఖ్య 25కు చేరువయ్యెను. చదువు పిల్లల సంఖ్య రెండు వేలు మించెను. తరువాత ప్రభుత్వమువారు ఆ పాఠశాలలను తమ యాజమాన్యము క్రిందికి తీసికొనిరి. సొంతముగా ధనము లేని యొక మనిషి మొదలుపెట్టిన పనిని రాజ్యమే అందుకొనుట సామాన్యవిషయము కాదు.

ఈ పాఠశాలలలో బోధనాభాష తెలుగు. ఇది చిన్న మాట కాదు. కొలువులకు ఉర్దూ అవసరమని వర్మగారికి తెలియక కాదు. తెలుగున చదివిన మాత్రమున కచేరీలో గుమాస్తా పని దొరకదని వారికిని తెలియును. తల్లిదండ్రులలో ఇట్టి శంక కలిగియున్న అది న్యాయమైన శంకయే. అయినను బిడ్డ మొదటిదినమే తనకు తెలియని మాటల నడుమ చిక్కుకొనినచో, వాడు అక్షరమును కాదు, తన అసమర్థతను నేర్చుకొనును. తల్లి పలికిన మాటనే పలకమీద చూచినపుడు, ఈ బడి తనదేయని వానికి తోచును. రెండవభాషను పిమ్మట కట్టవచ్చును. పునాది లేని గోడ మాత్రము నిలువదు.

వాడలోనే బడి యుండుట రెండవ విశేషము. దూరపు బడికి పంపవలెనన్న తల్లికి భయము. దారిలో ఎవరేమందురో, గదిలో ఎక్కడ కూర్చుండబెట్టుదురో అను దిగులు. ఇంటిప్రక్కనే బడి యున్నచో చిన్నతమ్ముని ఎత్తుకొని యైనను ఆడుబిడ్డ వచ్చి కూర్చుండగలదు. బెంచీలు, పటములు, భూగోళములు సమృద్ధిగా నుండిన పెద్దబడి ఆ బిడ్డను లోనికి రానీయకున్న, ఆ సామగ్రివలన వానికేమి లాభము? పలకయు, బలపమును, ప్రేమతో పిలుచు ఉపాధ్యాయుడును గల చిన్నబడియే వానికి విశ్వవిద్యాలయము.

ఇంటి దిద్దుబాటు

వర్మగారు బడి పెట్టి ఊరకుండలేదు. పిల్లవాడు బడిలో గడపు గంటలు కొన్ని, ఇంట గడపునవి అనేకము. తండ్రి కూలిడబ్బు కల్లుదుకాణమున పోసి వచ్చినచో, ఆ రాత్రి ఇంట దీపమునకు నూనె యుండదు. ఆడుబిడ్డకు పదియేండ్లకే పెండ్లి చేసినచో, ఆమె పలక అంతటితో అటకమీదికి పోవును. దేవర పేర ఆమెను జోగినిగా విడిచినచో బ్రతుకే పోవును.

అందుచేత వీరు మద్యపానమును, బాల్యవివాహములను, దేవదాసి జోగిని ఆచారములను, జంతుబలులను తీవ్రముగా ఖండించిరి. వాడవాడల తిరిగి పెద్దలను ఒప్పించు ప్రయత్నము చేసిరి. పరులను దూషించుట తేలిక, తనవారిని దిద్దుట కష్టము. తన కులమువారిలోని దురాచారములను వారి యెదుటనే విమర్శించినవాడు వారి కోపమునకు గురికాక తప్పదు. వర్మగారు దానిని లెక్కింపలేదు.

సంఘసంస్కారము ఒకటి, విద్య మరియొకటి యని మనము వేరుచేసి చూతుము. వర్మగారి దృష్టిలో అవి రెండు కావు. ఇల్లు పాడుగా నున్నపుడు బడి ఒంటరిగా పిల్లవానిని నిలుపలేదు. బడి లేనపుడు ఇల్లు తానుగా బాగుపడలేదు. రెండింటిని ఒక్కసారి పట్టుకొనుటయే వారి విశేషము.

పేరు

1913లో ఆర్యసమాజమువారు వీరి సేవను మెచ్చి వర్మ యను బిరుదమిచ్చిరి. నాటినుండి వీరు భాగ్యరెడ్డివర్మగా ప్రసిద్ధులైరి.

1917 నవంబరు నెలలో బెజవాడలో ప్రథమాంధ్రదేశ పంచమ మహాసభ జరిగెను. దానికి వర్మగారు అధ్యక్షులు. పంచములను మాట శాస్త్రపురాణములలో లేదనియు, తాము ఈ దేశపు ఆదివాసులమనియు వారు వాదించిరి. సభ ఆది ఆంధ్ర మహాసభగా పేరు మార్చుకొనెను. 1922లో మద్రాసు ప్రభుత్వమువారును ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ నామములను అంగీకరించిరి. హైదరాబాదున మాన్యసంఘము ఆది హిందూ సోషల్ సర్వీసు లీగు అయ్యెను. 1931 జనాభాలెక్కలలో నిజాం ప్రభుత్వము ఆది హిందువులను పేరును వాడెను.

పేరు మారినంతమాత్రమున కడుపు నిండునా యని కొందరడుగవచ్చును. బడిలో హాజరుపట్టీ చదువు ఉపాధ్యాయునకు దీని విలువ తెలియును. ప్రతి ఉదయము నలువదిమంది యెదుట తన కులమును తిట్టుమాటగా పిలిపించుకొను బిడ్డ తల యెత్తడు. తల యెత్తనివాడు ప్రశ్న యడుగడు. ప్రశ్న యడుగనివాడు వెనుకబల్లకు పోవును, అక్కడనుండి బడిబయటికి పోవును. గౌరవముతో పిలువబడినవాడు ముందుబల్లకు వచ్చును. వర్మగారు పేరునకై పడిన పాటు చదువునకై పడిన పాటే.

1930లో లక్నో నగరమున జరిగిన ఆది హిందూ సభకు వీరు అధ్యక్షత వహించిరి. దళితుల తరపున డాక్టర్ అంబేద్కరుగారు మాటలాడవలెనని సమర్థించినవారిలో వీరొకరు. ఇట్లు నగరపు వాడలలో మొదలైన పని దేశపు సభలవరకు వ్యాపించెను.

పత్రిక, కడపటి దినములు

1931లో వర్మగారు భాగ్యనగరు అను పక్షపత్రికను ప్రారంభించిరి. దానియందే వారి వెట్టి మాదిగ యను కథ వెలువడెను. తెలుగులో దళితుల బ్రతుకును దళితుడే వ్రాసిన తొలికథలలో దానిని విమర్శకులు లెక్కింతురు. ఆ పత్రిక 1937లో ఆది హిందూ అను పేర నడచెను.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. 1906లో చదువురాని జనులకు హరికథ. 1910లో పిల్లలకు పలక. 1931లో చదువనేర్చిన తరమునకు అచ్చుపత్రిక. ఇసామియా బజారు బడి తెరచిన నాటి పిల్లలు 1931 నాటికి యువకులైయుందురు. వారు చదువుటకు ఏదైనను ఉండవలెను గదా! అచ్చుయంత్రము ఆ కాలపు మేటి యంత్రము. వర్మగారు యంత్రమును నిరాకరించినవారు కారు. ఏ యంత్రము ఎప్పుడు, ఎవరికి అక్కరకు వచ్చునో ఎరిగి వాడినవారు.

వీరి తోడివారిలో అభిప్రాయభేదములు లేకపోలేదు. అరిగె రామస్వామిగారు, బి.ఎస్. వెంకటరావుగారు మొదలగు నాయకులు వేరు వేరు సంఘములు నడిపిరి. దారులు వేరైనను పేదవాడల బిడ్డలు పైకి రావలెనను కోరిక అందరిదియు నొకటే. వర్మగారు బుద్ధభగవానుని బోధలయెడ ఆదరము గలిగి, నగరమున బుద్ధజయంతి జరిపించిరి.

1939 ఫిబ్రవరి 18వ తేదిన వర్మగారు పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు 50 సంవత్సరములు మాత్రమే. 18వ యేట మొదలిడిన పనిని తుదివరకు విడువలేదు.

ఈ చరిత్రమువలన మనకు తేలునది

వర్మగారి కాలము గడచిన పిదప పండితులు ఈ ప్రశ్ననే లెక్కలతో పరిశీలించిరి. 1966లో అమెరికా దేశమున జేమ్స్ కోల్మన్ అను విద్వాంసుడు సుమారు 4,000 పాఠశాలలలోని ఆరులక్షల మంది పిల్లలను పరీక్షింపజేసి, బడిలోని సామగ్రికంటె పిల్లల ఇంటి స్థితియే వారి చదువును అధికముగా నిర్ణయించుచున్నదని తేల్చెను. మన తెలుగునాట 2002నుండి యంగ్ లైవ్స్ అను పరిశోధనసంస్థ సుమారు 3,000 మంది పిల్లల పెరుగుదలను ఏండ్ల తరబడి గమనించుచు వచ్చెను. కలిగిన యింటి బిడ్డకును, లేని యింటి బిడ్డకును నడుమ నుండు అంతరము బాల్యముననే కనుపించుచున్నదని ఆ పరిశీలనము తెలిపెను. 2015లో ఓ.ఇ.సి.డి. యను దేశముల కూటమి ప్రకటించిన నివేదికయు, బడులలో కంప్యూటర్లపై విస్తారముగా వ్యయము చేసిన దేశములలో చదువు, గణితములందు చెప్పుకొనదగిన అభివృద్ధి కానరాలేదని తెలిపెను.

ఇందువలన యంత్రములు వ్యర్థమని తలపరాదు. ఢిల్లీ నగరమున పేదబాలురపై జరిపి 2019లో ప్రచురించిన యొక పరిశోధన మరియొక సంగతిని చెప్పుచున్నది. బడి ముగిసిన పిదప కంప్యూటరు సాయముతో, చిన్నగుంపులను చూచుకొను ఉపాధ్యాయుల తోడ్పాటుతో, లెక్కలును హిందీయు నేర్పిరి. ఆ కంప్యూటరు పిల్లవాడు ఏ తరగతిలో నున్నాడని చూడక, వానికి నిజముగా ఎంతవరకు వచ్చునో కనుగొని, ఆ మెట్టునుండి పాఠము మొదలిడెను. నాలుగున్నర నెలలలోనే పిల్లలు గణనీయముగా ముందునకు వచ్చిరి. 1906నాటి హరికథ చేసినదియు ఇదియే గదా!

దీనికి విపరీతమైన యనుభవమును మన మందరము చూచితిమి. 2020 మార్చిలో కోవిడ్ వ్యాధివలన బడులు మూతపడెను. సెప్టెంబరు 1వ తేదినుండి తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పించెను. పాఠము అందరికి నొకటే. కాని ఒక యింట ప్రత్యేకగదియు, పెద్దతెరయు, ప్రక్కన కూర్చుండి వివరించు తండ్రియు. మరియొక యింట ఒకే గది, ఒకే ఫోను, అదియు తండ్రి పనికి పోవునపుడు ఆయన జేబులో పోవును. అన్న పాఠము వినినచో చెల్లెలి పాఠము పోవును. యంత్రము ఒకటియే యైనను ఇండ్లు రెండైనచో ఫలము రెండు విధములయ్యెను. మేలైన సాధనము సైతము ఇంటి స్థితిని పట్టించుకొననపుడు ఉన్న అంతరమును తగ్గింపదు, పెంచును.

బోధనాభాష విషయమున సైతము వర్మగారి నాటి చిక్కు నేటికిని తీరలేదు. నాడు ఉర్దూ కొలువునకు తలుపు, నేడు ఆంగ్లము. 2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1వ తరగతినుండి 8వ తరగతివరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడెను. పేదబిడ్డకు ఆ తలుపు మూసియుంచుమని చెప్పుట న్యాయము కాదు. అయితే ఇంట ఆంగ్లపుమాట వినని బిడ్డ ఆ తలుపువద్దకు నడచుటకు తల్లిభాష అను మెట్టు అవసరమని మరచుటయు న్యాయము కాదు. రెండు అచ్చులు ఎదురెదురుగా నుండు ద్విభాషా పాఠ్యపుస్తకములు ఈ అవసరమును గుర్తించినవే.

మన చేరువనే మరియొక ఉదాహరణము గలదు. దిల్‌సుఖ్‌నగరుకు, ఎల్.బి.నగరుకు నడుమ సరూరునగరున, 20వ శతాబ్ది తొలినాళ్లలో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ గారి కాలమున అనాథబాలలకై వెలసిన విక్టోరియా మెమోరియల్ హోము గలదు. మెట్రో స్టేషను ఒకటి ఆ పేరనే పిలువబడుచున్నది. తల్లిదండ్రులు లేని బిడ్డకు పుస్తక మిచ్చిన చాలదు, కూడు, గూడు, పెద్దవారి కన్ను కూడ కావలెనని దానిని స్థాపించినవారు గుర్తించిరి. బిడ్డకు లేని యింటిని బడియే సమకూర్పవలసిన వేళలు గలవు.

విన్నపము

ఉపాధ్యాయ సోదరసోదరీమణులకు మా విన్నపమిది. గదిలోనికి క్రొత్త యంత్రము వచ్చిన దినమున, దానిని చూచి యబ్బురపడుచున్న ముందుబల్ల పిల్లలతోపాటు వెనుకబల్లను కూడ చూడుడు. ఇంటిపని చేయని పిల్లవానిని దండించుటకు ముందు, వానికి ఇంట కూర్చుండి వ్రాయుటకు చోటున్నదా యని విచారింపుడు. ఒక్కసారి వాని యింటికి పోయి వచ్చినచో, పది పరీక్షలు తెలుపని విషయము తెలియును.

తల్లిదండ్రులారా, మీకు చదువు రాదని చింతింపవలదు. సాయంకాలము ఒక గంట దూరదర్శనమును, ఫోనును ప్రక్కకుపెట్టి, బిడ్డ చదువుచుండగా దాపున కూర్చుండుడు. ఈనాడు బడిలో ఏమి చెప్పిరని అడిగి, వాడు చెప్పునది వినుడు. మీరు కూర్చుండి వినుట వాని చదువునకు మీరిచ్చు గౌరవము. దానిని ఏ అంగడిలోను కొనలేరు. చదువుకొను వయస్సున నున్న ఆడుబిడ్డకు పెండ్లి తలపెట్టకుడు. తాగుడునకు పోవు పైకము పుస్తకములకు మిగుల్చుడు. వర్మగారు నూరేండ్లనాడు వాడవాడల తిరిగి చెప్పినది ఇంతే.

విద్యార్థులారా, మీలో కొందరికి మంచి యిల్లు, మంచి సాధనములు దొరకినవి. అది మీ ప్రయోజకత్వము కాదు, మీకు దొరకిన లాభము. ప్రక్కన కూర్చున్న స్నేహితునకు అర్థముకాని లెక్కను చెప్పి ఆ లాభమును పంచుకొనుడు. మరికొందరికి ఆ సౌకర్యము లేదు. మీ యింటి పేదరికము మీ బుద్ధికి కొలత కాదని గట్టిగా నమ్ముడు. సందేహమున్నచో సిగ్గుపడక అడుగుడు. 1888లో బడిగుమ్మము మూసియున్న వాడలో పుట్టిన యొక బాలుడు రెండువేలమందికి పైగా పిల్లలకు బడితలుపులు తెరచెనను సంగతిని తలచుకొనుడు.

చాదర్‌ఘాటు మీదుగా పోవునపుడు ఒక్క నిమిషము ఆ మహనీయుని స్మరింతురుగాక. అంతకంటె మేలైన స్మరణము, తరగతిగదిలో ఏ బిడ్డయు వాని యింటిని బట్టి వెనుకబల్లకు పోకుండ చూచుకొనుటయే.